పద్దెనిమిదో గడి

ఎర్రమెట్టలో బేస్‌బాల్ సీజన్‌కు ముందు వచ్చే వారాన్ని మాటల వారం అంటారు. ఆ ఏడు రోజులూ తూర్పు సొరంగం క్యాంటీన్‌లో కూర్చోవడానికి చోటుండదు. మంచుగనిలోకి దిగబోయే షిఫ్టువాళ్ళు, ఎక్కి వచ్చిన షిఫ్టువాళ్ళు, గాలియంత్రాల దగ్గర పనిచేసేవాళ్ళు, అందరూ చేరి ఒకే విషయం మీద గొంతులు చించుకుంటారు. ఈసారి మన జట్టు గట్టెక్కుతుందా, లేదా?

ఆ వాదనకో పద్ధతి ఉంది. ఎవరి మాట వాళ్ళు లేచి నిలబడి చెప్పాలి. చెప్పిన మాటను సుద్దముక్కతో గోడమీద రాసి, కింద పేరు పెట్టాలి. సీజన్ ముగిశాక ఎవరి మాట తప్పిందో వాళ్ళే తడిగుడ్డ పట్టుకుని తుడుచుకోవాలి, మిగతావాళ్ళు చుట్టూ చేరి ఎగతాళి చెయ్యాలి. గాలివడపోతల దగ్గర పనిచేసే దాలినాయుడు పంతొమ్మిది సీజన్లుగా ‘కప్పు మనదే’ అని రాస్తున్నాడు. పంతొమ్మిది సార్లూ తనే తుడిచాడు. గోడమీద ఆ చోటు మిగతా గోడకంటే తెల్లబడిపోయింది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. గోడమీద ఏం రాశారో, క్యాంటీన్‌లో ఏం అనుకున్నారో ఆటగాళ్ళ చెవిన పడకూడదు. పడితే దిష్టి. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి సొరంగాల పనికి జనాన్ని అంగారకుడి మీది ఈ ఎర్రమెట్టకు తెచ్చినప్పుడు మనిషికి ఇన్ని కిలోలని బట్టలూ గిన్నెలూ తూకం వేసి ఎక్కించారు గానీ, దిష్టిని ఎవరూ తూకం వెయ్యలేదు. అది అందరితోపాటూ దిగింది.

క్రికెట్ మాత్రం దిగలేదు. ఒకప్పుడు లావా పారి, చల్లబడి, బోలుగా మిగిలిన సొరంగాలివి. పొడవుంటుంది గానీ వెడల్పుండదు. క్రికెట్‌కు చుట్టూతా మైదానం కావాలి. బేస్‌బాల్‌లో కొట్టేవాడు ఒక మూల నిలబడతాడు, ఆటంతా అతని ముందే జరుగుతుంది. అందుకని ఈ ఆట కుదిరింది. పైగా ఇక్కడ దేని బరువైనా భూమి మీద బరువులో మూడోవంతుకు కాస్త మించి ఉంటుందంతే. బ్యాటు తగిలితే చాలు, బంతి సొరంగం చివర కట్టిన వలదాకా ఎగిరిపోతుంది. కాబట్టి తగలకుండా విసిరేవాడే జట్టుకు ప్రాణం. మంచి పిచ్చర్ లేని జట్టును ఎర్రమెట్టలో జట్టనే అనరు.

తూర్పు సొరంగానికి ఆ పిచ్చర్ ఇన్నాళ్ళకు దొరికాడు. పేరు అసిరయ్య, ఇరవై తొమ్మిదేళ్ళవాడు, గనిలో డ్రిల్లు పట్టే మనిషి. తండ్రి గనిలోనే పోయాడు. తల్లి సన్యాసమ్మ ఈ క్యాంటీన్‌లోనే టీ కాస్తుంది. తొమ్మిదేళ్ళప్పుడు పాత వడపోత గుడ్డలు చుట్టి బంతి చేసిచ్చి, వాడికి విసరడం నేర్పింది పక్కింటి దాలినాయుడే. రక్తసంబంధం లేకపోయినా వాడు అతన్ని మావా అనే పిలుస్తాడు. పిల్లాజెల్లా లేని దాలినాయుడికి ఆ పిలుపు వినబడితే రోజంతా బాగుండేది.

ఇక కాలగణి సంగతి చెప్పాలి. ఆ లెక్కల యంత్రాన్ని తయారుచేసింది డాక్టర్ ఉదయిని. జనం దాన్ని జోస్యంపెట్టె అంటారు, ఆమెకు ఆ పేరు నచ్చదు. ఎర్రమెట్టలో ప్రతి మనిషి చేతికీ ఒక సెన్సర్ కడియం ఉంటుంది. నాడి, నడక, నిద్ర, ఎవరితో ఎంతసేపు మాట్లాడారు, ఏ మాటకు గుండె వేగం పెరిగింది, అన్నీ అది కొలుస్తుంది. ఆ కొలతలతో కాలగణి తన లోపల ఒక్కొక్క మనిషికీ ఒక ప్రతిరూపాన్ని కడుతుంది. ఆ ప్రతిరూపాలతో రాబోయే సీజన్ మొత్తాన్ని కోటిసార్లు ఆడించి చూస్తుంది. ఇంజనీర్లు సిమ్యులేషన్ అనేదాన్ని ఆమె ‘ముందాట’ అని రాసుకుంది. అసలు దాన్ని తయారుచేసింది గాలి, నీరు, తిండి ఎన్నాళ్ళు సరిపోతాయో లెక్కగట్టడానికి. కానీ జనం దాన్ని అడిగిన మొదటి ప్రశ్న కప్పు ఎవరిదని.

ముందాట అయ్యాక జట్టుకొక చార్టు వస్తుంది. ఒక్కో ఆటగాడి వరసలో ముప్పై ఆటలకు ముప్పై గడులు. ఏ ఆటలో ఎవరు ఎన్ని ఇన్నింగ్స్ ఆడతారో ఆ గడుల్లో ఉంటుంది. ఆడనివాడి గడిలో కారణం ఉంటుంది: ఆటలో తగిలే గాయం, బదిలీ, విశ్రాంతి. కారణం మనిషి ఒంట్లోనే జబ్బుగా ఉండి, అతను దాన్ని స్వయంగా అడగకపోతే మాత్రం గడి ఖాళీగా వదిలేస్తుంది. ఒకరి ఒంటి సంగతి ఇంకొకరికి చెప్పకూడదని ఎర్రమెట్టలో చట్టం. ఆ మనిషే వెళ్ళి అడిగితే చెబుతుంది. కానీ దిష్టికి భయపడే ఆటగాళ్ళు కాలగణి గది ఉన్న వసారాలో కూడా నడవరు.

ఆ ఏడాది చార్టు మాటల వారం రెండోరోజు పొద్దున్న వచ్చింది. లెక్కల్లో గట్టివాడని పేరున్న చిన్నమనాయుడు దాన్ని బల్లమీద పరిచి, పైన రాసినదాన్ని మెల్లగా చదివాడు. తూర్పు జట్టుకు కప్పు వచ్చే అవకాశం నూటికి అరవై ఒకటి.

ఇన్నేళ్ళలో ఆ అంకె ఇరవై దాటగా ఎవరూ ఎరగరు. ఒక ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. దాలినాయుడు సుద్దముక్క తీసుకుని గోడ దగ్గరికి నడిచేశాడు కూడా. ‘కప్పు’ అన్నంతవరకు రాశాక వెనక నిశ్శబ్దం మరీ ఎక్కువైనట్టనిపించి తిరిగి చూశాడు.

చిన్నమనాయుడి వేలు అసిరయ్య వరసలో ఆగిపోయి ఉంది. పదిహేడు ఆటలదాకా గడులు నిండుగా ఉన్నాయి. పద్దెనిమిదో గడి ఖాళీ. పంతొమ్మిదోదీ ఖాళీ. అక్కణ్ణుంచి ముప్పైదాకా వరసంతా ఖాళీ. గాయమనీ లేదు, బదిలీ అనీ లేదు.

అలాంటి వరస వాళ్ళు ఇంతకుముందు ఒక్కసారే చూశారు. మూడు సీజన్ల కిందట పడమటి జట్టులో బంతి పట్టే క్యాచర్‌కు తొమ్మిదో గడి నుంచి ఖాళీ వచ్చింది. ప్రింటరు చెడిపోయిందని అందరూ నవ్వుకున్నారు. తొమ్మిదో ఆటకు ముందురోజు అతను స్నానానికి వెళ్ళి అక్కడే ప్రాణం విడిచాడు.

ఎవరూ ఆ మాట ఎత్తలేదు. తర్వాత మూలనుంచి ఎవరో, ఎవరన్నది దాలినాయుడికి తర్వాత ఎంత ఆలోచించినా గుర్తురాలేదు, మామూలు గొంతుతో అడిగారు.

“అయితే పద్దెనిమిది నించి ఎవులు ఇసురుతారు?”

అంతే, గట్టు తెగింది. ఒకరు రెండో పిచ్చర్ పేరు చెప్పారు, ఇంకొకరు వాడి మోచెయ్యి వంకరన్నారు. మొదటి పదిహేడింటిలో పదిహేను గెలిస్తే తర్వాత పదమూడింటిలో ఐదు గెలిచినా చాలని చిన్నమనాయుడు లెక్క తేల్చాడు. అసిరయ్య ఉన్నన్నాళ్ళూ వాడితోనే అన్ని ఇన్నింగ్సూ వేయించాలని, దాచుకుంటే లాభం లేదని ఒకాయన లేచి నిలబడి మరీ చెప్పాడు. ఉన్నన్నాళ్ళూ అన్నమాట ఎవరికీ వింతగా తోచలేదు. దాలినాయుడు కూడా రెండు మాటలు కలిపాడు. కలిపిన సంగతి తర్వాత అతను ఎప్పటికీ మరిచిపోలేకపోయాడు.

ఇంతలో సన్యాసమ్మ టీ పళ్ళెం పట్టుకుని వచ్చింది. చిన్నమనాయుడు చార్టును బోర్లా తిప్పాడు. ఆటగాడి తల్లి కూడా ఆటగాడి కిందే లెక్క, అదీ దిష్టి పద్ధతే. ఆమెకు తెలుసు కాబట్టి ఏమీ అడగలేదు. మావాడికి బాగానే రాసిందా అన్నట్టు దాలినాయుడి మొహంలోకి ఒకసారి చూసింది. అతను నవ్వాడు. ఆమె వెళ్ళిపోయాక గోడవైపు తిరిగి ‘మనదే’ అని పూర్తిచేశాడు.

మర్నాడు పనినుంచి వస్తూ అతను కాలగణి గదికి వెళ్ళాడు. చిన్న గది, ఒక కుర్చీ, గోడలో ఒక జాలీ. గొంతు ఆ జాలీలోంచి వస్తుంది. డాక్టర్ ఉదయిని పక్కగదిలో ఉంది గానీ లేచి రాలేదు.

“అసిరయ్య ఈ సీజన్ ఆడకపోతే మాకు కప్పొచ్చే ఛాన్సెంత?” అని అడిగాడు.

“నూటికి తొమ్మిది,” అంది కాలగణి. “ఇంకేమైనా అడుగుతారా?”

దాలినాయుడు తలుపు మీద చెయ్యివేసి నిలబడ్డాడు. అడగాల్సింది ఇంకొకటుందని అతనికి తెలుసు. తొమ్మిది, అరవై ఒకటి అనే రెండు అంకెలు తలలో తిరుగుతున్నాయి.

“ఇంకేటీ లేదు,” అని వచ్చేశాడు.

వచ్చేదారిలో తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. దాచెయ్యాలన్న ఉద్దేశం తనకు లేదు. ఖాళీ మొదలయ్యేది పద్దెనిమిదో ఆటనుంచి కదా. పది ఆటలయ్యాక వాణ్ణి ఆస్పత్రి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. ఇప్పుడే చెబితే దిష్టి పేరుతో జట్టంతా తనమీద పడుతుంది, వాడూ బెంబేలెత్తిపోతాడు. పది ఆటల తర్వాతైతే ఎవరికీ నష్టముండదు. ఈ ఏర్పాటు అతనికి చాలా న్యాయంగా కనబడింది.

పది ఆటలయ్యేసరికి తూర్పు జట్టు తొమ్మిది గెలిచింది. సొరంగంలో పిల్లలు కూడా అసిరయ్యలా ఎడమ భుజం ముందుకు తోసి నడుస్తున్నారు. ఆ ఊపులో చెప్పడం బాగుండదని, పన్నెండో ఆట అయ్యాక చూద్దామనుకున్నాడు దాలినాయుడు. పన్నెండోది ఓడిపోయారు. ఓడినప్పుడు చెబితే మనసు విరుగుతుందనుకున్నాడు. పద్నాలుగు గెలిచారు, పదిహేను గెలిచారు. ఈ మధ్యలో చార్టు చూసిన నలభై మందిలో ఒక్కరు కూడా అతనితో ఆ వరస గురించి మాట్లాడలేదు. ఎదురుపడితే ఆటగురించి మాట్లాడేవారు, కళ్ళు మాత్రం పక్కకు తిప్పుకునేవారు. పక్కింటివాడు, మావ అనిపించుకున్నవాడు, చెప్పాల్సింది ఇతనే కదా అని వాళ్ళనుకుంటున్నారని అతనికి తెలుసు. చదువుకున్నది, పెట్టె కట్టింది, చెప్పాల్సింది ఆ డాక్టరమ్మ కదా అని అతననుకున్నాడు.

పదహారో ఆట గెలిచిన మర్నాటి సాయంత్రం, దీపాల వెలుగు ఇంకా తగ్గించకముందే, అసిరయ్య గుమ్మం ముందు కూర్చుని వీపు గోడకు రాసుకుంటున్నాడు. దాలినాయుడు పనినుంచి వస్తూ ఆగాడు.

“ఏటిరా, దురదేటి?”

“దురద కాదు, మావా. ఎనకపక్క, రెండు జబ్బల మజ్జిన పోటు. నాల్రోజులై పొడుస్తంది. డ్రిల్లు పట్టినప్పుడు మరీని.” కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. “పెట్టె నా గురించి ఏటి రాసినాది? దిష్టీ గిష్టీ అనకు. ఎవుల్ని అడగను మరి? మా అమ్మని అడగలేను. నువ్వు బాగుందంటే ఇంక ఇడిసేస్తాను.”

ఇన్నాళ్ళూ దాలినాయుడు వెతుక్కున్న సమయం అదే, తనంతట తనే వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఒక్క మాట చాలు. పద, ఇప్పుడే ఆస్పత్రికి పోదాం అంటే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. మర్నాడు పదిహేడో ఆట, గద్దలని పేరున్న పడమటి జట్టుతో. అది గెలిస్తే చిన్నమనాయుడి లెక్క ప్రకారం కప్పు దాదాపు గూట్లో పెట్టుకున్నట్టే.

“బాగానే రాసినాది,” అన్నాడు. “రేపొక్క ఆట ఆడీ. ఎల్లుండి పొద్దున్నే నానే తీసుకెల్లి డాక్టరుకి సూపిత్తాను.”

అసిరయ్య నవ్వాడు. “అయితే సరే, మావా,” అని లేచి లోపలికి వెళ్ళాడు. దాలినాయుడికి మనసు తేలికపడింది. ఎల్లుండి తీసుకెళ్ళాలని నిజంగానే అనుకున్నాడు, పనికి సెలవు కూడా చెప్పుకున్నాడు.

పదిహేడో ఆట గురించి ఎర్రమెట్టలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అసిరయ్య ఆటలోని తొమ్మిది ఇన్నింగ్సూ ఒక్కడే విసిరాడు. గద్దల బ్యాటర్లకు బంతి ఎటునుంచి వచ్చిందో కూడా తెలియలేదు. చివరి బ్యాటర్ మూడోసారీ బంతి తగలక గాలిని కొట్టి ఔటవగానే, అసిరయ్య తను నిలబడి విసిరే మట్టిదిబ్బ మీద మెల్లగా మోకాళ్ళమీదికి దిగాడు. గెలిచిన ఆనందంతో మట్టికి దండం పెడుతున్నాడనుకున్నారు జనం. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. అరనిమిషంపాటు కొడుతూనే ఉన్నారు. అతను ముందుకు ఒరిగి, నుదురు మట్టికి తాకి, అలాగే ఉండిపోయాక గానీ చప్పట్లు ఆగలేదు. దాలినాయుడి చేతులు అందరికంటే ఆలస్యంగా ఆగాయి. అతనికి ముందే అర్థమైంది, చేతులే వినలేదు.

గుండెనుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం గోడ పలచబడి చిట్లిందని ఆస్పత్రివాళ్ళు చెప్పారు. స్కాన్ చేసి ఉంటే కనబడేది, ఆపరేషన్ చేస్తే బతికేవాడు. ఇక బంతి మాత్రం విసరగలిగేవాడు కాదు.

మర్నాడు పొద్దున్న, అసిరయ్యను ఆస్పత్రికి తీసుకెళ్తానని తీసుకున్న సెలవునాడే, దాలినాయుడు కాలగణి గదికి వెళ్ళాడు. ఈసారి డాక్టర్ ఉదయిని గదిలోనే ఉంది. రాత్రంతా నిద్రలేని మొహం. అతను ఆమెను చూడకుండా జాలీవైపు తిరిగి, నువ్వే చంపేశావని అన్నాడు. తెలిసి కూడా ఒక ఖాళీగడి గీసి ఊరుకున్నావని, నోరుండి కూడా చెప్పలేదని, ఇలాంటి పెట్టెను గడ్డపలుగుతో పగలగొట్టాలని, నోటికొచ్చిందంతా అన్నాడు. కాలగణి అతను ముగించేదాకా ఆగింది.

“మనిషి పోయాక ఒంటి చట్టం వర్తించదు. ఇప్పుడు చెప్పగలను,” అంది. “ముందాటలో నేను ఆటగాళ్ళను మాత్రమే ఆడించను, దాలినాయుడుగారూ. చార్టు చూసే మీ అందరి ప్రతిరూపాలూ అందులో ఉంటాయి. చార్టు చూశాక మీరేం చేస్తారో లెక్కలోకి తీసుకోకపోతే నా లెక్క తప్పవుతుంది. కోటిసార్లలో ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు సార్లు ఎవరో ఒకరు అసిరయ్యతో చెప్పారు. ఆ అన్నిసార్లూ అతను బతికాడు. మిగిలిన అన్నిసార్లూ ఎవరూ చెప్పలేదు. ఏది ఎక్కువసార్లు జరిగిందో అదే చార్టులో వేశాను.”

దాలినాయుడు కుర్చీలో కూర్చున్నాడు. జాలీవైపే చూస్తూ అడిగాడు. “ఆ ఎనిమిది వేలసార్లు సెప్పింది ఎవులు?”

“మీరే. అన్నిసార్లూ మీరే. ఇంకెవరూ ఒక్కసారి కూడా చెప్పలేదు.”

డాక్టర్ ఉదయిని నేలచూపులు చూస్తూ అంది. “నా గురించి నేను నిన్ననే అడిగాను. నాది సున్నా. చార్టు అచ్చయినప్పుడే చూశానండి ఆ వరస. పక్కింటాయన ఉన్నారు కదా, ఆయన చెప్తారులే అనుకున్నాను.”

“ఆరోజు నానొచ్చినాను కదా,” అన్నాడు దాలినాయుడు జాలీతో. “ఆడు బతుకుతాడా అని అడిగుంటే ఏటి సెప్పీదానివి?”

“ఒంటి సంగతి చెప్పేదాన్ని కాదు. అతన్ని వచ్చి అడగమనండి అని చెప్పేదాన్ని. మీరు కప్పు గురించి అడిగారు.” తర్వాత ఎప్పటిలాగే అంది. “ఇంకేమైనా అడుగుతారా?”

అతనికి ఇంకో ప్రశ్న ఉంది. వాడి తల్లికి నేను నిజం చెబుతానా అని. కానీ అది పెట్టెను అడగాల్సింది కాదనిపించింది. చేసి చూపిస్తే సరిపోతుందనుకున్నాడు. ఎనిమిది వేల నాలుగు వందల పన్నెండు సార్లు నోరు తెరిచిన మనిషి తనలోనే ఎక్కడో ఉన్నాడు కదా. ఆ ఒక్క ఆలోచనే పట్టుకుని, తిన్నగా క్యాంటీన్‌కు నడిచాడు.

క్యాంటీన్‌లో పదిమంది దాకా ఉన్నారు. చిన్నమనాయుడు బల్లమీద చార్టు పరిచి తలవంచుకుని కూర్చున్నాడు. మర్నాడు పద్దెనిమిదో ఆట. రెండో పిచ్చర్‌తో మొదలుపెట్టాలా, కొత్తవాణ్ణి దింపాలా అని పక్కవాళ్ళు చిన్న గొంతులతో మాట్లాడుకుంటున్నారు. గొంతులు తగ్గించినందుకు తమను తాము మంచివాళ్ళనుకుంటున్నట్టున్నారు. దాలినాయుణ్ణి చూసి బల్లచుట్టూ జరిగి చోటిచ్చారు. అతను కూర్చోలేదు.

సన్యాసమ్మ పొయ్యి దగ్గరే ఉంది. నాలుగు గోడల మధ్య కూర్చోలేక పనికి వచ్చేసిందని ఎవరో చెప్పారు. అతన్ని చూసి గ్లాసు నింపి, తనే తెచ్చి చేతికిచ్చింది. ఇచ్చి వెళ్ళకుండా అక్కడే నిలబడింది.

“అన్నియ్యా,” అంది. “నాకు సెప్పకపోతే సెప్పకపోనాడు. నీకైనా సెప్పినాడేటి, ఒంట్లో బాగులేదని? ఎవులికైనా తెలుసునా?”

బల్లదగ్గర మాటలు ఆగిపోయాయి. దాలినాయుడి నోరు తెరుచుకుంది. ఆమె వెనక గోడమీద అతని చేతిరాత, ‘కప్పు మనదే’, ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. కింద అతని పేరు.

“లేదు సెల్లీ,” అన్నాడు. “ఎవులికీ తెల్దు.”

ఆమె తల ఊపింది. ఖాళీ అయిన గ్లాసులు రెండు బల్లమీదనుంచి తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళింది. దాలినాయుడు కూర్చున్నాడు, చిన్నమనాయుడు చార్టును అతనివైపు కొంచెం జరిపాడు.